ఎరిక్ కార్ల్‌సన్‌ని ఇచ్చేశాక ఒట్టావాకు ఏం మిగిలింది?

2018 సెప్టెంబర్ 13న ఒట్టావా సెనేటర్స్ జట్టు తన కెప్టెన్‌ని ఒక ట్రేడ్‌లో, అంటే ఆటగాళ్ల మార్పిడిలో, శాన్ హోసే షార్క్స్ జట్టుకు పంపించేసింది. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కొత్త సీజన్ మొదలవడానికి అప్పటికి మూడు వారాలే ఉంది. ఎరిక్ కార్ల్‌సన్‌కి 28 ఏళ్లు. డిఫెన్స్‌లో ఆడతాడు, కానీ గోల్స్ సృష్టించడంలో చాలామంది ఫార్వర్డ్‌ల కన్నా ముందుంటాడు. ఏటా అత్యుత్తమ డిఫెన్స్‌మన్‌కి ఇచ్చే నోరిస్ ట్రోఫీ అప్పటికే రెండుసార్లు, 2012లో, 2015లో, అతని చేతికి వచ్చింది.

అతను ఆ ఊరికి వచ్చిన తీరు కూడా అభిమానులకు బాగా గుర్తు. జట్లు వరసగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే కార్యక్రమాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2008 డ్రాఫ్ట్ జరిగింది ఒట్టావాలోనే. ఆ రోజు వేదికెక్కి కార్ల్‌సన్ పేరు చదివింది అప్పటి కెప్టెన్ డేనియల్ ఆల్ఫ్రెడ్‌సన్. ఇద్దరిదీ స్వీడనే. ఆరేళ్ల తర్వాత కెప్టెన్సీ కూడా ఈ కుర్రాడికే వచ్చింది. అలాంటివాడిని ఇచ్చేసి సెనేటర్స్ తెచ్చుకున్నదేమిటంటే: క్రిస్ టియర్నీ అనే సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్), డిలన్ డిమెలో అనే డిఫెన్స్‌మన్, ఇంకా పెద్ద లీగ్‌లో నిలదొక్కుకోని ఇద్దరు కుర్రాళ్లు జోష్ నోరిస్, రుడాల్ఫ్స్ బాల్సర్స్, వీటితో పాటు కొన్ని డ్రాఫ్ట్ పిక్‌లు. పిక్ అంటే ముందు ముందు జరిగే డ్రాఫ్ట్‌లో ఒక కుర్రాడిని ఎంచుకునే హక్కు. అంటే అప్పటికి ఎవరూ కాదు, కాగితం మీద ఒక నంబర్.

అభిమానులు రెండుగా చీలిపోయారు. "ప్రపంచంలోనే గొప్ప డిఫెన్స్‌మన్‌ని ఇచ్చి నలుగురు అనామకుల్ని తెచ్చారు" అని ఒక వర్గం. "ఏడాది ఆగితే ఊరికే పోయేవాడు, ఇప్పుడు కనీసం ఏదో వచ్చింది" అని ఇంకో వర్గం. ఏళ్లు గడిచినా ఆ వాదన పూర్తిగా చల్లారలేదు. నాకైతే ఇందులో మూడు వేర్వేరు గొడవలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. అతన్ని అసలు ఇవ్వాలా? ఇచ్చినదానికి సరిపడా వచ్చిందా? ఇవ్వాల్సిన పరిస్థితి ఎందుకొచ్చింది? ఒకరు మూడో ప్రశ్న మీద కోపంగా ఉంటే ఇంకొకరు మొదటిదానికి జవాబు చెబుతారు. అందుకే ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు.

వీటిని విడదీసే ముందు లీగ్ ఎలా నడుస్తుందో కాస్త చూడాలి. మనకు బాగా తెలిసిన ఐపీఎల్‌కీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. డేవిడ్ వార్నర్ సంగతే తీసుకోండి. 2016లో 848 పరుగులు చేసి, కెప్టెన్‌గా సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చినవాడు. 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ పోయింది, జట్టులో చోటు పోయింది, తర్వాత వేలానికి ముందు వదిలేశారు. హైదరాబాద్ అభిమానులకు ఆ బాధ ఇప్పటికీ ఉంది. కానీ వార్నర్‌ని వదులుకున్నందుకు సన్‌రైజర్స్‌కి వచ్చిందేమిటి? వేలంలో ఖర్చు పెట్టుకోవడానికి కొంత డబ్బు, అంతే. ఎన్‌హెచ్‌ఎల్‌లో అలా ఊరికే వదిలేయడాన్ని పెద్ద తప్పుగా చూస్తారు. కాంట్రాక్ట్ ఇంకా నడుస్తున్న ఆటగాడికి మార్కెట్లో ధర ఉంటుంది. కాంట్రాక్ట్ ముగిసి అతను ఫ్రీ ఏజెంట్ అయిన రోజున ఆ ధర సున్నా అవుతుంది, అతను నచ్చిన జట్టుకు వెళ్లిపోతాడు. కార్ల్‌సన్ కాంట్రాక్ట్ 2019 వేసవితో ముగుస్తుంది.

రెండోది శాలరీ క్యాప్. ప్రతి జట్టూ జీతాలకు ఇంతకన్నా ఎక్కువ పెట్టకూడదని గీత ఉంటుంది. 2018-19లో ఆ గీత 7.95 కోట్ల డాలర్ల దగ్గర ఉంది. యజమాని ఎంత కోటీశ్వరుడైనా ఆ గీత దాటడానికి లేదు. కాబట్టి ఒక ఆటగాడి ఖరీదును అతని జీతంతో మాత్రమే చూస్తే సరిపోదు. ఆ జీతం వల్ల ఎవరిని ఉంచుకోలేకపోయామన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

మూడోది కుర్రాళ్ల చవకతనం. డ్రాఫ్ట్‌లో ఎంపికైన 18 ఏళ్ల కుర్రాడు మొదటి మూడేళ్లూ లీగ్ నిర్ణయించిన తక్కువ జీతానికే ఆడాలి. ఆ రోజుల్లో దానికి పరిమితి, బోనస్‌లు పక్కన పెడితే, ఏడాదికి 9.25 లక్షల డాలర్లు. ఆ తర్వాత కూడా సుమారు 27 ఏళ్లు వచ్చేదాకా అతని మీద హక్కు జట్టుదే. అంటే ఒక పిక్ సరిగ్గా పేలితే, గొప్ప ఆటగాడి ఆట పదో వంతు జీతానికి దొరుకుతుంది. మిగిలిన డబ్బుతో ఇంకో ఇద్దరిని తెచ్చుకోవచ్చు. సీనియర్‌ని ఇచ్చి కుర్రాళ్లని తెచ్చుకోవడం వెనక ఉన్న అసలు ఆశ ఇదే. వాళ్లు కొంటున్నది కొంత కాలాన్ని, క్యాప్‌లో కొంత ఖాళీని, ఒక అవకాశాన్ని.

ఇలాంటి కుర్రాళ్లనీ పిక్‌లనీ కలిపి అభిమానులు "అసెట్స్" అంటారు. ఆస్తులు అని. పందొమ్మిదేళ్ల పిల్లాడిని ఆస్తి అనడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఒక ఫోన్ కాల్‌తో ఊరు మారిపోవాల్సింది ఆ పిల్లాడే కదా. కానీ వాదనంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది కాబట్టి వాడక తప్పడం లేదు.

ఇప్పుడు మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. అభిమానుల కోపంలో ఎక్కువ వంతు దాని మీదే.

2017 మే నెల చివరికి ఒట్టావా, లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ ఫైనల్‌కి ఒక్క గోల్ దూరంలో ఉంది. పిట్స్‌బర్గ్‌తో ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (లీగ్‌లో తూర్పు సగం జట్ల) ఫైనల్, ఏడో మ్యాచ్, రెండో ఓవర్‌టైమ్. క్రిస్ కూనిట్జ్ కొట్టిన గోల్‌తో అంతా ముగిసిపోయింది. ఆ ప్లేఆఫ్స్‌లో కార్ల్‌సన్ 19 మ్యాచ్‌ల్లో 18 పాయింట్లు సాధించాడు. హాకీలో గోల్‌కి ఒక పాయింట్, ఆ గోల్‌కి పాస్ ఇచ్చినందుకు ఒక పాయింట్. మడమ ఎముకలో సన్నని పగుళ్లతో అతను ఆ మ్యాచ్‌లు ఆడాడు. ఆ వేసవిలో కాలికి ఆపరేషన్ జరిగింది.

ఆ తర్వాతి ఏడాది జట్టు కుప్పకూలింది. 31 జట్లలో 30వ స్థానం. 2017 డిసెంబర్‌లో లీగ్ వందేళ్ల పండుగ కోసం ఒట్టావాలో ఆరుబయట మంచు మీద మాంట్రియల్‌తో మ్యాచ్ పెట్టారు. ఊరంతా సంబరంగా ఉండాల్సిన వేళ. సరిగ్గా దాని ముందు రోజు యజమాని యూజీన్ మెల్నిక్, జనం మ్యాచ్‌లకు రాకపోతే జట్టును వేరే ఊరికి తరలించే సంగతి కూడా ఆలోచించాల్సి వస్తుందన్నట్టు మాట్లాడారు. కొన్ని నెలలకే అభిమానులు చందాలు వేసుకుని "మెల్నిక్ దిగిపోవాలి" అంటూ ఊళ్లో హోర్డింగులు పెట్టించారు. డబ్బు పెట్టని యజమాని, ఉండాలో పోవాలో తెలియని స్టార్, రోజుకో పుకారు. ఆ ఏడాదంతా ఒట్టావా అభిమానికి టెన్షనే.

కార్ల్‌సన్ అప్పటికే ఒక మాట స్పష్టంగా చెప్పాడు: మార్కెట్లోకి వెళ్లినప్పుడు తన విలువ ఎంతో అంతా తీసుకుంటానని, అది ఏ ఊరైనా సరే తగ్గేది లేదని. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అప్పటిదాకా అతను ఏడాదికి 65 లక్షల డాలర్లకు ఆడుతున్నాడు, ఆ స్థాయి ఆటగాడికి అది బాగా తక్కువ. కానీ ఆ మాట విన్న అభిమానికి సంగతి అర్థమైపోయింది. ఈ యజమాని అంత డబ్బు ఇవ్వరు.

కాబట్టి "అతన్ని ఇవ్వాల్సిన పరిస్థితి ఎందుకొచ్చింది?" అన్న ప్రశ్నకు నా జవాబు సూటిగానే ఉంటుంది. ఆట వల్ల వచ్చిన పరిస్థితి కాదు, నడిపినవాళ్ల వల్ల వచ్చింది. ఏ ఊరి జట్టయినా ఇలాంటి ఆటగాడిని తరానికి ఒకసారి చూస్తుంది. ఉంచుకోవడానికి ముందే ప్రయత్నం చేయకపోవడం, చేసే స్థితిలో లేకపోవడం అభిమానుల తప్పు కాదు. ఏడ్చినవాళ్లని "భావోద్వేగాలు పక్కన పెట్టండి, లెక్క చూడండి" అని తీసిపారేసినవాళ్లు ఈ సంగతి మరిచిపోయారు.

అయితే, అప్పటికి పరిస్థితి అలా ఉంది కాబట్టి, ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు వేరు. ఉంచుకోలేమని తెలిసిపోయాక ఇవ్వడమే సరి. ఇక్కడ లెక్క చూసే అభిమానిదే న్యాయం. నిజానికి ఇంకా ముందే ఇవ్వాల్సింది. ఎందుకంటే సీనియర్ ఆటగాడి ధర క్యాలెండర్‌తో పాటు తగ్గుతూ వస్తుంది. 2018 ఫిబ్రవరిలో ట్రేడ్ గడువు నాటికి కార్ల్‌సన్‌ని తీసుకునే జట్టుకు అతనితో రెండు ప్లేఆఫ్స్ ఆడే వీలుండేది. సెప్టెంబర్ వచ్చేసరికి ఒక్కటే మిగిలింది. ఫిబ్రవరిలో బేరాలు నడిచాయి కూడా. బాబీ రయన్ అనే ఆటగాడి భారీ కాంట్రాక్ట్‌ని కూడా కార్ల్‌సన్‌తో పాటు ఎదుటి జట్టుకు అంటగట్టాలని ఒట్టావా చూసిందని అప్పట్లో గట్టిగా వార్తలొచ్చాయి. మంచి సరుకుతో పాటు పాత బాకీ కూడా తీసుకో అంటే ఎవరైనా ధర తగ్గిస్తారు. ఆ బేరం కుదరలేదు.

ఇక రెండో ప్రశ్న, వచ్చింది సరిపోయిందా అన్నది. అందరూ ఎక్కువగా వాదించుకునేది దీని గురించే. నేను కాస్త ఎక్కువసేపు ఆగేది కూడా ఇక్కడే.

ఒప్పందంలో ఒక చిన్న షరతు ఉంది. షార్క్స్ 2019లో ప్లేఆఫ్స్‌కి చేరకపోతే వాళ్ల 2019 మొదటి రౌండ్ పిక్ ఒట్టావాకి. చేరితే 2020 మొదటి రౌండ్ పిక్. మొదటి రౌండ్ పిక్ అనగానే అభిమాని కళ్లు మెరుస్తాయి గానీ, అన్నీ ఒకటి కాదు. ఆడలేక అడుగున పడ్డ జట్టుకు ముందు వరస, గెలిచిన జట్టుకు చివరి వరస. పైన నలుగురైదుగురిలో దొరికే కుర్రాడు జట్టు రూపే మార్చేయొచ్చు. 28వ స్థానంలో దొరికేవాడు పెద్ద లీగ్‌లో నిలబడితే అదే అదృష్టం. షార్క్స్ అంతకు ముందు సీజన్‌లో జట్ల పట్టికలో 100 పాయింట్లు తెచ్చుకున్న జట్టు. దానికి ఇప్పుడు కార్ల్‌సన్ కూడా తోడయ్యాడు. కాబట్టి ఆ పిక్ ఎక్కడో చివర వస్తుందని, ఉన్నా లేకున్నా ఒకటేనని ఎక్కువమంది అనుకున్నారు.

కానీ ఆ రోజు షార్క్స్ జట్టు వయసులు చూసి ఉంటే ఇంకో సంగతి తట్టేది. జో థార్న్‌టన్‌కి 39. కెప్టెన్ జో పవెల్‌స్కీకి 34. బ్రెంట్ బర్న్స్‌కి 33. మార్క్-ఎడ్వర్డ్ వ్లాసిక్‌కి 31. ఇది ఈ ఏడాదే కప్పు కొట్టాలని కట్టుకున్న జట్టు. రెండేళ్ల తర్వాత వీళ్లంతా ఎలా ఉంటారు? వయసు మీదపడుతున్న జట్టు నుంచి తీసుకునే పిక్, ఎంత దూరం సంవత్సరానిదైతే అంత విలువ పెరిగే అవకాశం ఉంది. ఈ మాట చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు, పుట్టిన తేదీలు చూస్తే చాలు. ఒట్టావా మేనేజర్ పియేర్ డోరియన్ ఆలోచన ఏమిటో నేను చెప్పలేను గానీ, ఆ ఒప్పందంలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే.

మొదటి ఏడాది షార్క్స్‌దే గెలుపులా కనిపించింది. కార్ల్‌సన్ గజ్జ గాయంతో 53 మ్యాచ్‌లే ఆడినా 45 పాయింట్లు తెచ్చాడు. 2019 ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో వేగాస్‌తో ఏడో మ్యాచ్ హాకీ చూసేవాళ్లెవరూ మరిచిపోరు. మూడో పీరియడ్ సగానికి దగ్గరపడేసరికి షార్క్స్ 0-3తో వెనకబడి ఉన్నారు. పవెల్‌స్కీ తల మంచుకు తగిలి రక్తం కారుతూ బయటికి వెళ్లాడు. ఆ తప్పుకు వేగాస్ ఆటగాడికి అయిదు నిమిషాల శిక్ష పడితే, ఆ వ్యవధిలోనే షార్క్స్ నాలుగు గోల్స్ కొట్టారు. వేగాస్ మళ్లీ స్కోరు సమం చేసినా, ఓవర్‌టైమ్‌లో బార్‌క్లే గుడ్రో గెలుపు గోల్ కొట్టాడు. అతనికి పాస్ ఇచ్చింది కార్ల్‌సన్. ఆ రాత్రి శాన్ హోసేలో ఎవరినైనా అడిగితే, ఆ నలుగురు కుర్రాళ్లేంటి, ఇంకో నలుగురినైనా ఇవ్వచ్చనేవారు. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఊరే అది. ఐటీ ఉద్యోగాల కోసం వెళ్లి హాకీకి అలవాటుపడ్డవాళ్లకు ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది.

ఆ పరుగు కాన్ఫరెన్స్ ఫైనల్‌లో సెయింట్ లూయీ చేతిలో ఆగిపోయింది. జూన్‌లో షార్క్స్ కార్ల్‌సన్‌కి ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. మొత్తం 9.2 కోట్ల డాలర్లు, ఏడాదికి 1.15 కోట్లు. 29 ఏళ్లవాడికి 37 ఏళ్లు వచ్చేదాకా. ఇందాక చెప్పిన శాలరీ క్యాప్ ఇక్కడే కాటేసింది. కొద్ది రోజుల్లోనే పవెల్‌స్కీ మూడేళ్లకు 2.1 కోట్ల డాలర్లకు డల్లాస్ వెళ్లిపోయాడు. పదమూడు సీజన్లు ఆ ఊరికి ఆడినవాడు, రక్తం కారిన ఆ మ్యాచ్ జరిగి మూడు నెలలైనా కాలేదు. షార్క్స్ కార్ల్‌సన్ కోసం ఇచ్చినదాంట్లో ఒప్పంద పత్రంలో లేని పేరు ఒకటుంటే, అది పవెల్‌స్కీదే.

తర్వాతి సీజన్‌లో వయసు తన పని తాను చేసింది. గాయాలూ తోడయ్యాయి. 2020 ఫిబ్రవరిలో కార్ల్‌సన్ చేతి బొటనవేలు విరిగింది. మార్చిలో కోవిడ్‌తో సీజన్ ఆగిపోయేసరికి షార్క్స్ 70 మ్యాచ్‌ల్లో 63 పాయింట్లతో వెస్టర్న్ కాన్ఫరెన్స్‌లో అట్టడుగున ఉన్నారు. 28వ స్థానంలో వస్తుందనుకున్న పిక్ మూడో స్థానానికి వచ్చింది. ఆ పిక్ ఇప్పుడు ఒట్టావాది.

2020 అక్టోబర్ 6న డ్రాఫ్ట్ ఆన్‌లైన్‌లో జరిగింది. ఒట్టావా వంతు వచ్చినప్పుడు తెర మీద కనిపించింది అలెక్స్ ట్రెబెక్. 'జెపర్డీ' క్విజ్ నడిపే పెద్దాయన, ఒట్టావా విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. తన కార్యక్రమంలో జవాబులు చెప్పే పద్ధతిలోనే టిమ్ స్టూట్స్‌లె పేరు ప్రకటించారు. నెల తిరగ్గానే ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఒట్టావా అభిమానులు ఆ వీడియోని ఇప్పటికీ ప్రేమగా తలచుకుంటారు. స్టూట్స్‌లె జర్మనీ కుర్రాడు. మూడో సీజన్‌కే 39 గోల్స్, 90 పాయింట్లు చేశాడు.

అప్పుడు వాదన తిరగబడింది. "చూశారా, ట్రేడ్ మేమే గెలిచాం" అన్నారు. నేను ఒప్పుకోలేనిది ఈ తీర్పునే. పూర్తిగా తప్పని కాదు. ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. షార్క్స్ ముసలిబారతారని ఊహించడం తెలివి. సరిగ్గా ఆ ఏడాదే, మూడో పిక్ దాకా పడిపోతారని, అదే ఏడాది అక్కడ స్టూట్స్‌లె లాంటివాడు దొరుకుతాడని అనుకోవడం తెలివి కాదు, అదృష్టం. మిగతా ముక్కలు ఏమయ్యాయో చూడండి. టియర్నీ నాలుగు సీజన్లు ఆడి, కాంట్రాక్ట్ అయిపోగానే వెళ్లిపోయాడు. డిమెలోని మూడో రౌండ్ పిక్‌కి విన్నిపెగ్‌కి ఇచ్చేశారు. బాల్సర్స్‌ని వెయివర్స్‌లో (ఏ జట్టయినా ఊరికే తీసుకోగల జాబితాలో) పెడితే తీసుకున్నది ఎవరో కాదు, మళ్లీ శాన్ హోసేనే. ట్రేడ్ చేసిన రోజు మన కళ్లకు కనిపించిన నలుగురిలో ముగ్గురి కథ ఇది.

నాలుగోవాడు జోష్ నోరిస్. ఇతని కథ అసెట్ అన్న మాటకు అసలైన వ్యాఖ్యానం. కింది లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి ఏడాదే 31 గోల్స్ కొట్టి, ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. 2021-22లో ఎన్‌హెచ్‌ఎల్‌లో 35 గోల్స్. ఒట్టావా అతనికి ఎనిమిదేళ్లకు 6.36 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. ఆ తర్వాత భుజం మొరాయించింది. తర్వాతి సీజన్‌లో ఎనిమిదే మ్యాచ్‌లు ఆడాడు. భుజానికి మళ్లీ మళ్లీ ఆపరేషన్లు. చివరికి 2025 మార్చిలో బఫెలోకి ట్రేడ్ చేస్తే డిలన్ కజిన్స్ వచ్చాడు. ఒకప్పుడు సీనియర్ కోసం తెచ్చుకున్న కుర్రాడే, చవక రోజులు అయిపోయాక ఖరీదైన సీనియర్ అయ్యాడు, అతనిదీ అదే దారి అయింది. కుర్రాడిగా దొరికే చవక సంవత్సరాలు ఎప్పటికీ ఉండవు. వాటిని గెలుపుగా మార్చుకునేలోపే కాలం చేజారిపోవచ్చు.

లెక్కలు వేసే అభిమాని ఎప్పుడూ తక్కువ చేసి చూసేది ఈ కాలాన్నే. కార్ల్‌సన్‌ని ఇచ్చాక ఒట్టావా ఆగలేదు. 2019 ఫిబ్రవరిలో మాట్ డుషేన్ వెళ్లాడు, మూడు రోజులకే మార్క్ స్టోన్ వేగాస్‌కి వెళ్లాడు. స్టోన్ అక్కడ కెప్టెన్‌గా 2023లో స్టాన్లీ కప్ ఎత్తాడు. ఆ 2018-19 సీజన్‌లో ఒట్టావా లీగ్‌లోనే ఆఖరున నిలిచింది. ఆఖరున నిలిచినందుకు రావాల్సిన పిక్ కూడా వాళ్లకు దక్కలేదు. డుషేన్‌ని తెచ్చుకున్న ఒప్పందంలో భాగంగా అది కొలరాడోకి వెళ్లిపోయింది. అడుగున ఉన్న జట్ల పిక్‌ల వరస తేల్చే లాటరీలో అది నాలుగో పిక్ అయింది. కొలరాడో దానితో బోవెన్ బైరమ్‌ని తీసుకుంది. ఒట్టావా మళ్లీ ప్లేఆఫ్స్ మొహం చూసింది 2025లో, అదీ మొదటి రౌండ్‌లోనే టొరంటో చేతిలో ఓటమి. 2017 నుంచి 2025 దాకా ఎనిమిదేళ్లు. 2018లో పదేళ్ల వయసున్న పిల్ల తన జట్టు ప్లేఆఫ్స్ మ్యాచ్ మళ్లీ చూసేసరికి కాలేజీ వయసుకు వస్తోంది. "అయిదేళ్లు ఓపిక పట్టండి" అని చెప్పడం తేలిక. ఆ అయిదేళ్లూ టికెట్ కొని, మంచులో డ్రైవ్ చేసి వెళ్లి, 1-5 ఓటములు చూసి ఇంటికొచ్చేది అభిమానులే. ఆ ఖర్చు ఏ ట్రేడ్ పట్టికలోనూ కనబడదు.

మిగతా జట్ల అనుభవాలు చూసినా సీనియర్ ట్రేడ్‌లలో తిరిగి వచ్చేది చాలాసార్లు చేతికి చిక్కనంత తక్కువే. 2000 మార్చిలో బోస్టన్ తన రే బుర్క్‌ని, రెండు దశాబ్దాలు ఆడినవాడిని, కొలరాడోకి పంపింది. తిరిగి వచ్చినవాళ్లలో బ్రయన్ రోల్‌స్టన్ మంచి ఆటగాడే, కానీ బోస్టన్ తలరాత మారలేదు. బుర్క్ మాత్రం 2001లో కప్పు గెలిచాడు. దాన్ని బోస్టన్‌కి తీసుకొస్తే, వేరే జట్టు గెలిచిన కప్పు చూడడానికి సుమారు ఇరవై వేలమంది సిటీ హాల్ దగ్గర గుమిగూడారు. అభిమాని మనసు అర్థం కావాలంటే ఆ ఒక్క సభ చాలు. 2013లో క్యాల్గరీ తన జరోమ్ ఇగిన్లాని పిట్స్‌బర్గ్‌కి ఇచ్చి తెచ్చుకున్న ఇద్దరు కాలేజీ కుర్రాళ్లూ, ఒక 28వ పిక్కూ, ముగ్గురూ పెద్ద లీగ్‌లో నిలబడలేదు.

ఎందుకిలా జరుగుతుంది? పెద్ద ఆటగాళ్ల కాంట్రాక్టుల్లో తరచుగా "నా అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదు" అనే షరతు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆడినవాడికి ఆ హక్కు ఉండటం న్యాయమే. కానీ అతను ఒకటి రెండు జట్ల పేర్లే చెబితే, బేరంలో పోటీ ఉండదు. ఆ జట్టు మేనేజర్‌కి తెలుసు, ఇటువైపువాళ్లకు వేరే దారి లేదని. గడువు దగ్గరపడుతుంటే ఆ చిక్కు ఇంకా బిగుస్తుంది. 2025 మార్చిలో బోస్టన్ బ్రాడ్ మార్‌షాండ్‌ని ఫ్లోరిడాకి ఇచ్చినప్పుడు వచ్చింది రెండో రౌండ్ పిక్ మాత్రమే. ఫ్లోరిడా ప్లేఆఫ్స్‌లో ముందుకు వెళితే, అతను తగినన్ని మ్యాచ్‌లు ఆడితే అది మొదటి రౌండ్ పిక్‌గా మారుతుందని షరతు పెట్టుకున్నారు. అదే జరిగింది, ఫ్లోరిడా కప్పు కూడా గెలిచింది. బోస్టన్ అభిమానులకు ఆ వసంతంలో ఒక విచిత్రమైన ఇబ్బంది. తమ పాత కెప్టెన్ గెలవాలి, అతను గెలిస్తేనే తమ పిక్ పెరుగుతుంది, కానీ ఆ గెలుపు తమ జెర్సీలో కాదు.

ఇవన్నీ చూశాక, కార్ల్‌సన్ ట్రేడ్ గురించి నేను రెండు మాటలు ఒకేసారి అంటాను. ఆ సెప్టెంబర్ రోజున, ఆ మేనేజర్ చేతిలో ఉన్నవాటితో, వయసు మళ్లుతున్న జట్టు నుంచి రెండేళ్ల దూరపు పిక్ తీసుకోవడం మంచి పని. ఆ ఊరి అభిమానులు తమ కెప్టెన్‌ని అలా పోగొట్టుకోవాల్సి రావడం అన్యాయం. ఈ రెండిటిలో ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని కొట్టేయాలని చూస్తేనే వాదన ఎటూ తేలదు. స్టూట్స్‌లె ఎంత బాగా ఆడినా మెల్నిక్ హయాంలో జరిగింది సరైపోదు. మెల్నిక్ మీద ఎంత కోపమున్నా స్టూట్స్‌లె విలువ తగ్గదు. మెల్నిక్ 2022 మార్చిలో చనిపోయారు, జట్టు చేతులు మారింది. స్టూట్స్‌లె కాంట్రాక్ట్ ఎనిమిదేళ్లది, 6.68 కోట్ల డాలర్లు. అంటే ఈసారి కుర్రాడిని ఉంచుకోవడానికి ఆ జట్టు డబ్బు పెట్టింది.

ఇక కార్ల్‌సన్. 2022-23లో, శాన్ హోసే మళ్లీ అడుగున ఉన్న ఏడాదిలో, అతను 101 పాయింట్లు చేశాడు. డిఫెన్స్‌మన్ వంద దాటడం 1991-92లో బ్రయన్ లీచ్ తర్వాత అదే మొదటిసారి. మూడో నోరిస్ ట్రోఫీ వచ్చింది. 33 ఏళ్లవాడి ధర ఇంతకన్నా పెరగదని షార్క్స్‌కి అర్థమైంది. 2023 ఆగస్టులో అతన్ని పిట్స్‌బర్గ్‌కి ఇచ్చారు. అతని జీతంలో ఏడాదికి 15 లక్షల డాలర్లు కాంట్రాక్ట్ ముగిసేదాకా తామే భరించడానికి ఒప్పుకున్నారు. తిరిగి వచ్చినవాటిలో ఒక మొదటి రౌండ్ పిక్ ఉంది. పిట్స్‌బర్గ్ ప్లేఆఫ్స్‌కి చేరలేదు, కాబట్టి అది 14వ పిక్ అయింది. దాన్ని, ఇంకో పిక్‌ని కలిపి బఫెలోకి ఇచ్చి, షార్క్స్ 11వ స్థానానికి ఎగబాకి శామ్ డికిన్‌సన్ అనే డిఫెన్స్ కుర్రాడిని తీసుకున్నారు. మక్లిన్ సెలెబ్రీనీని మొదటి పిక్‌గా తీసుకున్నది కూడా ఆ 2024 డ్రాఫ్ట్‌లోనే.

అలా కుర్రాళ్ల కోసం ఓపిక పట్టమని అడిగే వంతు శాన్ హోసేకి వచ్చింది. 2018 డిసెంబర్ 1న కార్ల్‌సన్ షార్క్స్ జెర్సీలో మొదటిసారి ఒట్టావాకు తిరిగొచ్చాడు. పెద్ద తెర మీద అతని పాత ఆట చూపించారు. అప్పటికింకా స్టూట్స్‌లె ఎవరో ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. ట్రేడ్ గెలిచామో ఓడామో చెప్పే వీలు కూడా లేదు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.  ఆ మ్యాచ్ ఒట్టావా 6-2తో గెలిచింది.